రిమ్‌ఫైర్ రైఫిలు బోల్టు: తీయుట, తుడుచుట, తిరిగి అమర్చుట

రైఫిలును పేల్చుట నేర్పు పాఠమునకు విద్యార్థులు ఉత్సాహముతో వచ్చెదరు. పేల్చిన రైఫిలును నిరపాయకరముగా చేసి, తుడిచి, భద్రపరచు పాఠము మాత్రము తరచు చివరి పది నిమిషములలో, ఎండకు అలసినవారి యెదుట, త్వరత్వరగా ముగిసిపోవును. నిజమునకు మొదటి పాఠము కంటె రెండవదే ముఖ్యమైనదని మా అభిప్రాయము. తుపాకి ప్రమాదములలో కొన్ని పోరాటమునందు గాని, వేటయందు గాని జరుగునవి కావు. “ఖాళీగానే ఉన్నది” అను నమ్మకముతో తుపాకిని తుడుచుచున్నప్పుడు జరుగునవి. ఆ నమ్మకమునకు బదులుగా కంటికి కనిపించు నిదర్శనమును చేతికి ఇచ్చునది బోల్టును తీయు పద్ధతి. కావున పాతకాలపు .22 రిమ్‌ఫైర్ రైఫిలు నుండి బోల్టును ఎట్లు తీయవలెనో, ఎందులకు తీయవలెనో ఈ వ్యాసములో క్రమముగా వివరింపదలచితిమి.

1948 నాటి చట్టముతో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోర్, అనగా ఎన్.సి.సి., మన కళాశాల విద్యార్థులకు ఆయుధ శిక్షణను పరిచయము చేసిన సంస్థ. 1949 నుండి బాలికల విభాగము కూడ ఉన్నది. ఈ శిక్షణలో క్యాడెట్టు చేతికి మొదట వచ్చునది .22 రైఫిలే. ఒలింపిక్ క్రీడలలోని 50 మీటర్ల రైఫిలు పోటీలలో వాడునది కూడ ఇదే పరిమాణపు తూటా. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వ్యక్తిగత రజత పతకము పొందిన 25 మీటర్ల పిస్టలు పోటీ సైతము ఈ చిన్న తూటాతో జరుగునదే. అందుచేత ఇది మనకు దూరపు విషయము కాదు.

పేర్లను గురించి కొంత

ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను విద్యార్థులకు ఇక్కడ ఒక చిన్న సంతోషము కలదు. మన “తుపాకి” అను మాట టర్కీ భాషలోని “తుఫెక్” నుండి వచ్చినది. ఉర్దూవారు దీనిని బందూక్ అందురు. గొట్టమును నాలీ అనియు, తూటాను కార్తూస్ అనియు, నొక్కు మీటను ఘోడా అనియు పిలుతురు. కార్తూస్ అను మాట ఐరోపా భాషల నుండి వచ్చి ఉర్దూలో స్థిరపడినది. గొట్టములోనికి దూర్చు కడ్డీకి ఉర్దూలో గజ్ అను పేరు కూడ ఉన్నది. శిక్షణలో వినవచ్చు “ఖాలీ కర్”, “జాంచ్ శస్త్ర్” మొదలగు ఆజ్ఞలు హిందీలో ఉండును. ఈ వ్యాసములో మేము శిక్షణా మైదానములో వాడుకలో నున్న బోల్టు, ట్రిగ్గరు, ఛాంబరు, మ్యాగజైను అను మాటలనే వాడెదము. చదువరికి రైఫిలును చేతబట్టినపుడు వినిపించు మాటలు అవియే గదా.

రిమ్‌ఫైర్ తూటా అనగా నేమి?

తూటా అడుగు భాగమున చుట్టును బయటికి పొడుచుకొని వచ్చిన అంచు ఒకటి ఉండును. దానినే రిమ్ము అందురు. ఈ రిమ్ము లోపల బోలుగా ఉండి, దెబ్బ తగిలిన వెంటనే నిప్పు పుట్టించు మందు అందులో నింపబడి యుండును. ఫైరింగ్ పిన్ను ఈ అంచును నలిపినపుడు ఆ మందు అంటుకొని, తొడుగులోని వెడిమందును మండించును. సైనిక రైఫిళ్లలో వాడు పెద్ద తూటాలలో ఈ నిప్పు మందు అడుగు నడుమ విడిగా నొక చిన్న మూకుడులో ఉండును. రెంటికిని గల భేదము ఇదియే.

ఈ పద్ధతి 19వ శతాబ్ది నడుమ కాలమున ఫ్రాన్సు దేశీయుడైన ఫ్లోబేర్ ప్రయత్నములతో మొదలైనది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు .22 షార్ట్ అను తూటాను విడుదల చేసిరి. అదే సంవత్సరమున మన దేశములో ఎన్‌ఫీల్డ్ తుపాకికి వాడు, కొవ్వు పూసిన కాగితపు తూటాను పంటితో కొరుకవలసి వచ్చుట సిపాయిల తిరుగుబాటునకు ఒక కారణమైన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. కాగితపు తూటాల యుగము ముగిసి లోహపు తూటాల యుగము ఆరంభమగుచున్న కాలమది. నేడు మనము వాడు .22 లాంగ్ రైఫిల్ తూటాను 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ రూపొందించినది.

తూటా చిన్నదే. అందలి సీసపు గుండు వ్యాసము సుమారు 5.6 మిల్లీమీటర్లు, సాధారణముగా దాని బరువు 40 గ్రెయిన్లు, అనగా రెండున్నర గ్రాములకు కొంచెము పైన. అయినను అది ఒక మైలుకు మించి పోగలదు. 25 గజముల దూరములో నున్న లక్ష్యముపై కాల్చుచున్నాము గనుక ఇది ఆటబొమ్మ వంటిదని తలచుట పెద్ద పొరపాటు.

బోల్టు చేయు పని

బోల్టు అనగా గొట్టము వెనుక భాగమును మూయు ఉక్కు కడ్డీ. ఇంటి తలుపునకు గడియ ఎట్టిదో రైఫిలునకు బోల్టు అట్టిది. ఇది నాలుగు పనులు చేయును. మొదటిది, తూటాను ఛాంబరులోనికి నెట్టుట. రెండవది, పేలునపుడు తూటా వెనుకకు రాకుండ గట్టిగా బంధించి నిలుపుట. మూడవది, తనలో నున్న ఫైరింగ్ పిన్నుతో రిమ్మును కొట్టుట. నాలుగవది, ఎక్స్‌ట్రాక్టరు అను చిన్న కొక్కెముతో ఖాళీ తొడుగును బయటికి లాగుట.

రెండవ పనిని గురించి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. ఫైరింగ్ పిన్ను దెబ్బకు నలుగవలెను గావున రిమ్‌ఫైర్ తూటా తొడుగు పలుచని రేకుతో చేయబడును. దాని రిమ్ము మందము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. బోల్టు ముఖమునకు, గొట్టము వెనుక అంచునకు నడుమ ఈ రిమ్ము సరిగా ఇమిడియుండవలెను. ఆ సందు ఎక్కువైనచో రిమ్ము పగిలి, వేడి వాయువు వెనుకకు, అనగా పేల్చువాని ముఖము వైపునకు తన్నుకొని రావచ్చును. అందుచేత ఒక రైఫిలు బోల్టును వేరొక రైఫిలులో పెట్టరాదు. ఈ నియమమునకు గల కారణమును బోల్టును తిరిగి అమర్చు సందర్భమున మరల జ్ఞాపకము చేసెదము.

బోల్టును ఎందులకు తీయవలెను?

దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది రక్షణ. బోల్టు లేని రైఫిలు పేలదు. బోల్టు బల్లమీద కనిపించుచున్నంతసేపు ఆ రైఫిలు నిరపాయకరమైనదని గదిలో నున్న ప్రతివాడును దూరము నుండియే తెలిసికొనగలడు. ఎవరి మాటను నమ్మవలసిన అవసరము లేదు.

రెండవది, శుభ్రపరచు కడ్డీని గొట్టము వెనుక వైపు నుండి పంపుటకు వీలు కలుగుట. గొట్టము ముందు చివర నున్న మూతి అంచు రైఫిలునకు ప్రాణము వంటిది. గుండు గొట్టమును విడిచి పోవు చివరి క్షణమున దానిని తాకునది ఆ అంచే. కడ్డీని మూతి వైపు నుండి దూర్చినచో అది అంచునకు రాచుకొని, కాలక్రమమున ఒక ప్రక్కన అరిగిపోవును. అప్పుడు గుండ్లు ఒక చోట పడక చెదరిపోవును. పైగా మసియంతయు వెనుకకు తోయబడి ఛాంబరులోనికి, ట్రిగ్గరు భాగములలోనికి చేరును.

మూడవది, బోల్టునే శుభ్రపరచుట. సీసపు గుండ్లకు పూసిన మైనము, మసి, పాత నూనె కలిసి బోల్టు ముఖము మీదను, ఎక్స్‌ట్రాక్టరు కొక్కెము క్రిందను గట్టిగా పేరుకొనును. కొక్కెము సరిగా పట్టనిచో తూటా ఛాంబరులో మిగిలిపోవును. బోల్టు లోపల నూనె చిక్కబడినచో ఫైరింగ్ పిన్ను మందగించి, దెబ్బ చాలక తూటా పేలకపోవును.

తీయుటకు పూర్వము

ఇక్కడ వరుస మిక్కిలి ముఖ్యము. వరుస తప్పినచో మిగిలిన జాగ్రత్తలన్నియు వ్యర్థమగును.

ముందుగా తూటాలన్నిటిని శుభ్రపరచు స్థలము నుండి తొలగించి వేరుచోట ఉంచవలెను. రైఫిలు మూతిని మనుష్యులు లేని దిక్కునకు, అధికారి చూపిన వైపునకు త్రిప్పి ఉంచవలెను. వ్రేలిని ట్రిగ్గరు కాపునకు వెలుపల ఉంచవలెను. మ్యాగజైను విడదీయుటకు వీలున్నచో దానిని మొదట తీయవలెను. ఆ పిమ్మట బోల్టు పిడిని పైకి లేపి, పూర్తిగా వెనుకకు లాగవలెను.

మ్యాగజైను తీసిన తరువాత బోల్టును లాగుటయే సరియైన క్రమము. తలక్రిందుగా చేసినచో, అనగా బోల్టును ముందుగా లాగి మూసి, తరువాత మ్యాగజైను తీసినచో, మూయునపుడు ఒక తూటా ఛాంబరులోనికి పోయి అక్కడనే నిలిచియుండును. మ్యాగజైను చేతిలో ఉన్నది గదా యని మనస్సు నిశ్చింతగా నుండును. ప్రమాదమునకు ఇంతకంటె అనువైన స్థితి వేరొకటి లేదు.

బోల్టు తెరచి యుండగా ఛాంబరు లోపల వెలుతురు పడునట్లు పట్టుకొని కంటితో చూడవలెను. చీకటిగా నున్నచో చిటికెన వ్రేలి కొనతో తాకి చూడవలెను. ప్రక్కనున్న మరియొకరు కూడ చూచి, “ఖాళీ” అని పలుకుట మంచి ఆచారము. కొన్ని పాత రైఫిళ్లకు గొట్టము క్రింద పొడవాటి నాళము వంటి మ్యాగజైను ఉండును. అందులో చివరి తూటా స్ప్రింగు వద్ద చిక్కుకొని యుండవచ్చును గావున నాళమును పూర్తిగా తీసి పరీక్షింపవలెను.

లీ-ఎన్‌ఫీల్డ్ మాదిరి రైఫిలు

మన దేశమున శిక్షణకు విరివిగా ఉపయోగపడిన పాత .22 రైఫిళ్లలో లీ-ఎన్‌ఫీల్డ్ మాదిరివి ముఖ్యమైనవి. దీని బోల్టును రూపొందించినవాడు స్కాట్లాండులో జన్మించిన జేమ్స్ పారిస్ లీ. ఎన్‌ఫీల్డ్ అనునది లండను నగరమునకు ఉత్తరమున ఆయుధ కర్మాగారమున్న ఊరు. బెంగాలులోని ఇచ్ఛాపూర్ రైఫిలు కర్మాగారములో కూడ ఈ జాతి రైఫిళ్లు తయారైనవి. .303 సైనిక రైఫిలునే కొంత మార్చి, .22 తూటాకు తగినట్లు చేసిరి. కొత్తగా చేరిన సైనికుడు తక్కువ ఖర్చుతో, తక్కువ చప్పుడుతో, అదే బరువు, అదే ఆకారము గల ఆయుధముతో అభ్యసించుట దాని ఉద్దేశము.

ఈ రకపు రైఫిలులో ఒక విశేషము గమనింపదగినది. దీనికి మ్యాగజైను పెట్టె కనిపించును గాని, చాలవరకు ఇవి ఒక్కొక్క తూటాను చేతితో పెట్టవలసినవి. ఆ పెట్టె ఖాళీ తొడుగులు పడుటకు మాత్రమే పనికివచ్చును. పేలని తూటా యొకటి అందులో తొడుగుల నడుమ పడియుండుట సాధ్యమే. కావున ఆ పెట్టెను కూడ విప్పి, బోర్లించి, ఒక్కొక్క దానిని చూడవలెను.

ఇక బోల్టును తీయు విధము. సేఫ్టీ క్యాచ్ వెనుకకు త్రిప్పబడి యున్నచో బోల్టు కదలదు. అందుచేత ఖాళీ పరీక్షకు ముందే దానిని ముందుకు త్రిప్పవలసి యుండును. మూతి ఎటు ఉన్నదో ఆ సమయమున మరల చూచుకొనవలెను. బోల్టు పిడిని పైకెత్తి చివరి వరకు వెనుకకు లాగినపుడు, బోల్టు తల కుడి ప్రక్కనున్న గట్టు మీద జారి వచ్చి ఒక చోట ఆగును. అప్పుడు చూపుడు వ్రేలితోను, బొటన వ్రేలితోను బోల్టు తలను పట్టి పైకి త్రిప్పవలెను. చిన్న స్ప్రింగు బిగువును దాటి అది “టక్కు” మని లేచును. పిదప బోల్టు మొత్తము నేరుగా వెనుకకు వచ్చును. 4వ నంబరు రైఫిలు వంశమునకు చెందినవాటిలో గట్టు ప్రక్కనున్న చిన్న మీటను క్రిందికి నొక్కిపట్టి, బోల్టును పూర్తిగా లాగి, తలను పైకి త్రిప్పవలసి యుండును.

ఇందులో ఎక్కడను బలప్రయోగము అక్కరలేదు. రానిచో సుత్తి, స్క్రూడ్రైవరు వాడరాదు. వరుసలో ఏదో యొక మెట్టు తప్పినదని గ్రహించి, మొదటి నుండి మరల చేయవలెను.

ఇతర పాత రైఫిళ్లు

వేటకు, క్లబ్బులలో గురికి వాడిన పాత రిమ్‌ఫైర్ రైఫిళ్లను మూడు తెగలుగా విభజింపవచ్చును. ఒక తెగలో బోల్టు ప్రక్కన ప్రత్యేకమైన మీట గాని, బొత్తాము గాని ఉండును. దానిని నొక్కిపట్టి బోల్టును లాగవలెను. రెండవ తెగ లీ-ఎన్‌ఫీల్డ్ వలె తలను త్రిప్పవలసినవి. మూడవ తెగలో బోల్టును ఆపునది ట్రిగ్గరునకు సంబంధించిన భాగమే. చెక్ దేశపు బ్రనో, సి.జెడ్. కర్మాగారముల రైఫిళ్లలో పెక్కు ఈ తెగకు చెందినవి. బోల్టును పూర్తిగా వెనుకకు లాగి, ట్రిగ్గరును వెనుకకు నొక్కిపట్టినప్పుడే బోల్టు బయటికి వచ్చును.

ఈ మూడవ తెగను గురించి చదువరులు ఒకింత ఆలోచింపవలెను. శుభ్రపరచుటకై ట్రిగ్గరును నొక్కవలసి వచ్చు ఆయుధమిది. బోల్టు తెరవక ముందే, ఛాంబరు చూడక ముందే, “ట్రిగ్గరు నొక్కవలెనట” అని విన్నంత మాత్రమున ఎవరైన నొక్కినచో ఏమగును? సూచన సరియైనదే, వరుస మాత్రము తప్పు. ముందు తెరచుట, తరువాత చూచుట, ఆ తరువాతనే నొక్కుట అను క్రమమును కంఠస్థము చేయవలెనని మేము పట్టుపట్టుటకు కారణము ఇదియే.

బి.ఎస్.ఎ. మార్టినీ వంటి రైఫిళ్లకు అసలు బోల్టే లేదు. వాటిలో క్రిందికి దిగు ఉక్కు దిమ్మ గొట్టమును మూయును. దానిని విప్పుట వేరొక పద్ధతి గావున ఈ పాఠములో చేర్చలేదు. ఏ రైఫిలు ఏ తెగకు చెందినదో తెలియనపుడు ఆర్మరరును గాని, శిక్షకుని గాని అడుగుట ఉత్తమము.

శుభ్రపరచు విధానము

బోల్టును తీసిన తరువాత గొట్టమును వెలుతురు వైపునకు పట్టి వెనుక నుండి చూడవలెను. లోపలి మెలికల గాళ్లు అద్దము వలె మెరయుచు కనిపించినచో గొట్టము ఆరోగ్యముగా నున్నట్లు. గొట్టములో అడ్డంకి ఏదియు లేదనుటకు కూడ ఇదియే నిదర్శనము.

.22 గొట్టమునకు సరిపడు సన్నని కడ్డీని వాడవలెను. వంగిన కడ్డీ గొట్టము గోడలను గీయును. కడ్డీ చివరన తగిన పరిమాణముగల చిందీ ముక్కను, అనగా పలుచని మెత్తని గుడ్డను చుట్టి, వెనుక వైపు నుండి దూర్చి, మూతి వరకు నేరుగా తోయవలెను. మురికి చిందీని మూతి వద్దనే తీసివేయవలెను. చిందీ తెల్లగా వచ్చు వరకు మార్చుచుండవలెను. పుల్-త్రూ త్రాడును వాడునపుడు దాని బరువు చివరను వెనుక నుండి జారవిడిచి, మూతి నుండి తిన్నగా లాగవలెను. ప్రక్కకు వంచి లాగినచో త్రాడు రాపిడికి మూతి అంచు అరుగును.

చివరగా నూనె తడిపిన చిందీని ఒకసారి పంపవలెను. నూనె పలుచని పొరగా ఉండిన చాలును. కారునంత పోసినచో అది కొయ్య భాగములోనికి దిగి కొయ్యను మెత్తపరచును. మరల కాల్చుటకు ముందు గొట్టమును, ఛాంబరును పొడి చిందీతో తుడిచి నూనె తీసివేయవలెను.

బోల్టు ముఖమును, ఎక్స్‌ట్రాక్టరు కొక్కెము క్రింది సందును చిన్న కుంచెతో గీకి, గుడ్డతో తుడిచి, నూనె చేతి వ్రేలితో పలుచగా పూయవలెను. బోల్టు లోపలి స్ప్రింగును, ఫైరింగ్ పిన్నును విప్పుట క్యాడెట్టు పని కాదు. అది ఆర్మరరు పని. పని ముగిసిన పిదప చేతులను సబ్బుతో కడిగికొననిదే ఏమియు తినరాదు. ఆ మసిలో సీసము ఉండును. అది శరీరమునకు విషము.

తుప్పును గూర్చిన రసాయన పాఠము

పాత రైఫిళ్ల గొట్టములు లోపల గుంటలు పడి కనిపించుటకు ఒక కారణము కలదు. పూర్వపు తూటాల నిప్పు మందులో పొటాషియం క్లోరేట్ ఉండెడిది. అది మండిన పిదప పొటాషియం క్లోరైడ్ మిగులును. ఇది మన వంటింటి ఉప్పునకు దగ్గరి బంధువు. వర్షాకాలమున జాడీలోని ఉప్పు చెమ్మగిల్లునట్లు ఇదియు గాలిలోని తేమను పీల్చి, ఉక్కును తుప్పు పట్టించును. నూనె ఈ లవణమును కరిగింపజాలదు. నీరు కరిగించును. అందుచేతనే పూర్వపు సైనికులు గరాటుతో మరిగిన నీటిని గొట్టములో పోసి, వేడికి ఆరిన తరువాత నూనె పూసెడివారు. ఉక్కునకు శత్రువైన నీరే ఇక్కడ ఔషధమగుట రసాయన శాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగింపదగినది.

1920ల చివరి నుండి తుప్పు పట్టింపని నిప్పు మందులు వాడుకలోనికి వచ్చినవి. నేటి .22 తూటాలు సాధారణముగా అట్టివే. అయినను మన కోస్తా జిల్లాల ఉప్పు గాలిలోను, తెలంగాణా వర్షాకాలపు చెమ్మలోను చేతి చెమట చాలును, ఉక్కు మీద ఎర్రని మచ్చ పుట్టుటకు. కావున ముట్టుకొన్న లోహ భాగములన్నిటిని నూనె గుడ్డతో తుడుచుట తప్పనిసరి.

తిరిగి అమర్చుట

తీసిన క్రమమునకు విలోమముగా అమర్చవలెనని సాధారణముగా చెప్పుదురు. కాని అంతకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. అది నంబరు చూచుట. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు పిడి వెనుక అంకెలు చెక్కబడి యుండును. రైఫిలు దేహము మీది అంకెలతో వాటిని సరిపోల్చవలెను. ఇరువది రైఫిళ్లను ఒకే బల్లపై తుడుచునపుడు బోల్టులు తారుమారగుట సులభము. అన్ని బోల్టులు ఒకేరీతిగా కనిపించును. చాలవరకు ఏ రైఫిలులోనైనను దూరును. దూరినంత మాత్రమున సరిపోయినట్లు కాదు. రిమ్ము సందు ఎక్కువైనచో కలుగు ప్రమాదమును ఇంతకు ముందే చెప్పియుంటిమి. బోల్టు ఏ రైఫిలుదో తేలనిచో ఆ రైఫిలును ప్రక్కన పెట్టి అధికారికి చెప్పవలెను.

తరువాత బోల్టు తల పూర్తిగా మరలో బిగిసినదో లేదో, బోల్టు మీది పొడవాటి గట్టుతో వరుసగా నున్నదో లేదో చూడవలెను. వెనుక భాగము కూడ అదే వరుసలో నుండవలెను. బోల్టును దాని గాడిలో పెట్టి ముందుకు తోసి, తలను కుడి ప్రక్క గట్టుపైకి “టక్కు” మనునట్లు దింపవలెను. ట్రిగ్గరుతో ఆగు తెగకు చెందిన రైఫిలులో, బోల్టు బయట ఉన్నపుడు పిడి తిరిగిపోయి పిన్ను విడుదలైనచో అది లోనికి పోదు. వెనుక భాగమును చేతితో త్రిప్పి, పూర్వపు స్థితికి తెచ్చి, ట్రిగ్గరును నొక్కిపట్టి తోయవలెను.

బోల్టు అమరిన పిదప ఛాంబరును మరల యొకసారి చూచి, అధికారి ఆజ్ఞ ప్రకారము స్ప్రింగును సడలింపవలెను. ఖాళీ రిమ్‌ఫైర్ రైఫిలులో ట్రిగ్గరును వినోదమునకు మాటిమాటికి నొక్కుట మంచిది కాదు. తూటా రిమ్ము అడ్డము లేనపుడు కొన్ని రకములలో ఫైరింగ్ పిన్ను నేరుగా ఛాంబరు అంచును కొట్టి సొట్టపరచును. ఆ సొట్ట వలన తూటాలు ఇరుకుకొనును.

విద్యార్థులకు, కమిటీవారికి

మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము .22 రైఫిలునకు కూడ లైసెన్సు కావలెను. క్యాడెట్టు చేతికి వచ్చు రైఫిలు అతని సొత్తు కాదు. అధికారి కన్నుల యెదుట, నియమిత స్థలమున మాత్రమే ముట్టదగినది. ఈ వ్యాసము చదివినవారు పద్ధతి తెలిసినదని తలచి, ఇంటిలోనో బంధువుల వద్దనో ఉన్న తుపాకిని విప్పుటకు పూనుకొనరాదని మా హెచ్చరిక. పాఠము చదువుట వేరు, శిక్షకుని ప్రక్కన చేసి చూపుట వేరు.

కళాశాల కమిటీల వారికి కూడ ఒక మనవి. గురి అభ్యాసమునకు సమయము కేటాయించినట్లే, శుభ్రపరచుటకు కూడ కనీసము ఒక గంట విడిగా కేటాయింపవలెనని కోరుచున్నాము. వెలుతురు గల గది, పొడవైన బల్ల, .22 గొట్టమునకు సరిపడు కడ్డీలు, చాలినన్ని చిందీలు, నూనె, చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు ఉండవలెను. ప్రతి రైఫిలు ముందు దాని నంబరు వ్రాసిన అట్టముక్కను పెట్టి, తీసిన బోల్టును దానిమీదనే ఉంచునట్లు చేసినచో తారుమారు జరుగదు. దీనికి ఖర్చు స్వల్పము. బస్సు వేచియున్నదని, చీకటి పడుచున్నదని తొందరపెట్టు పరిస్థితి ఉండరాదు. తొందరలోనే వరుస తప్పును. వరుస తప్పినచోటనే ప్రాణము పోవును.

ఆయుధాగారమును కోత్ అందురు. రైఫిలును, బోల్టును అక్కడ ఒకే చోట పెట్టక వేరువేరుగా తాళము వేసి ఉంచుట కూడ మంచి కట్టుబాటు. రెండును కలిసినప్పుడే అది ఆయుధము. వేరైనప్పుడు రెండును ఉత్త ఉక్కు ముక్కలే. బోల్టులను లెక్కపెట్టి, నంబరులను పుస్తకములో వ్రాసి, సంతకము చేసిన తరువాతనే ఆనాటి శిక్షణ ముగిసినట్లు భావింపవలెను. మన విద్యార్థులు మంచి గురికాండ్రని పేరు తెచ్చుకొనుట మాకు సంతోషమే. దానికి ముందుగా, వారి చేతిలోని రైఫిలు ప్రక్కన ఎవరైనను నిర్భయముగా నిలువవచ్చునన్న పేరు వారికి రావలెనని మా ఆకాంక్ష.